మూడవ గంట

ఎక్కేవారూ దిగేవారూ కలిసి రోజుకు నలుగురికి మించకపోవడంతో ఆ స్టేషనును నిరుడు మూసివేశారు. తంతి తీగలను అప్పుడే తెంచివేశారు. పట్టాలను పోయిన నెలలో ఊడదీసి లారీలకెత్తారు. ఇక మిగిలినవి ఒక ప్లాట్‌ఫారం, ఒక గది, ఆ గదిలో రెండు టోకెను యంత్రాలు. వాటిని విప్పి అప్పగించే పని, అక్కడ కడపటి స్టేషను మాస్టరుగా ఉన్న ఆయన మీదనే పడింది.

తోడుగా బావమరిది వచ్చాడు. పదకొండేళ్ళు అక్కడే పాయింట్స్‌మన్‌గా పనిచేసినవాడు. తల్లి లేకపోవడంతో అక్క చేతిముద్దలు తిని పెరిగినవాడు. బయలుదేరేటప్పుడు ఆ అక్క గుమ్మంలో నిలబడి, "చీకటి పడకముందే మా తమ్ముణ్ణి తెచ్చి నా కళ్ళముందు నిలబెట్టాలి. ఆ పూచీ మీది" అని భర్తకు మరీ మరీ చెప్పింది.

నాలుగు గంటలకే మబ్బు కమ్మి గదిలో మసక పరచుకొన్నది. తుప్పువాసన, తడిసిన కాగితాల వాసన, పావురాల రెట్టవాసన కలిసి ముక్కుకు తగులుతున్నాయి.

"ఈ పావురాలకి టిక్కెట్లు కొట్టి ఉంటే మన స్టేషను మూతపడేది కాదు బావా" అన్నాడు బావమరిది, దూలం వైపు చూసి.

"బండి కూత వింటే పావురాలు ఎగిరిపోతాయి. నువ్వేమో చెయ్యి చాపుకుని ఎదురెళతావు. వాటికున్న బుద్ధి నీకు లేదురా. పో, బయట దీపాలు విప్పుకు రా."

బావమరిది నవ్వుకొంటూ వెళ్ళాడు.

మాస్టరు అన్నది పరిహాసమే అయినా అబద్ధం కాదు. ఒంటి లైను మీద బండి పంపవచ్చునా అని పొరుగు స్టేషనువారు తంతి తీగల మీదుగా మూడు గంటలు కొట్టేవారు. ఇక్కడి మాస్టరు తిరిగి మూడు గంటలు కొట్టి, యంత్రం పిడిని తిప్పితే అనుమతి ఇచ్చినట్టు. అప్పుడు అక్కడి యంత్రంలో నుండి ఒక ఇనుపబంతి బయటపడేది. దానిని వెదురు వలయానికి కట్టిన తోలుసంచిలో వేసుకొని డ్రైవరు వచ్చేవాడు. పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం అంచున చేయి చాచి నిలబడితే, నడుస్తున్న ఇంజను నుండి ఆ వలయం వచ్చి మోచేతికి తగులుకొనేది. పడమటి బళ్ళకొక యంత్రం, తూర్పు బళ్ళకొకటి.

ఈ విద్యను ఆయనకు నేర్పినవాడు పెద్దమాస్టరు. గంట చేత రెండవసారి పిలిపించుకోరాదని ఆ పెద్దమనిషి శాసనం. రెండు గంటలు వెంటవెంటనే కొట్టి, మూడవదానిని ఒక్క క్షణం ఆపి కొట్టడం అతని చేతివాటం. అదే శిష్యుడికీ అబ్బింది.

ఇరవైయారేళ్ళ క్రితం ఒక సాయంత్రం, కునుకుపాటులో పెద్దమాస్టరు చేయి రెండు యంత్రాలకూ బదులు పలికింది. రెండు బళ్ళూ ఈ ప్లాట్‌ఫారం ముందే ఢీకొన్నాయి. బోగీలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయాయి. కిటికీ ఊచలకు మనుషులు ముక్కలై వేలాడారు. ఆపడానికి పరుగెత్తిన పెద్దమాస్టరును మరునాడు గోనెసంచిలోకి ఏరవలసి వచ్చింది. కుడిచేయి మాత్రం ఎంత వెదికినా దొరకలేదు. నాటినుండి చుట్టుపక్కల జనం ఆరుమైళ్ళు నడిచి బస్సెక్కేవారు గాని, ఇక్కడ బండి ఎక్కేవారు కారు. నిజానికి స్టేషను మూతపడింది ఆనాడే. కాగితం మీద పడడానికి ఇంతకాలం పట్టింది.

పడమటి యంత్రానికి మొదటి మరమేకు ఊడింది. రెండవది మొరాయించింది. మాస్టరు వంగి దానికి నూనె పోస్తున్నాడు.

టంగ్. టంగ్. టంగ్.

ఆయన చేయి ఆలోచించలేదు. అన్నంముద్ద నోటికి పోయినంత సహజంగా గంట మీదికి పోయింది. రెండు గంటలు... క్షణమాగి మూడవది. పిడి గిర్రున తిరిగింది.

తీగలు లేవన్న సంగతి అప్పుడు గాని గుర్తుకు రాలేదు.

పిడిని వెనక్కు తిప్పబోయాడు. కదలలేదు.

టంగ్. టంగ్.

రెండు గంటలు. బండి బయలుదేరినదని అర్థం.

దూలం మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచి ఎగిరిపోయాయి.

కూత వినబడింది... ఎక్కడో దూరంగా కాదు.

మాస్టరు బయటకు ఉరికాడు. బావమరిది దీపాన్ని కింద పెట్టి, ప్లాట్‌ఫారం అంచున పడమటికి తిరిగి, కుడిచేయి చాచి నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్! చెయ్యి తియ్యి! వెనక్కి రారా!"

"బండి వస్తోంది బావా" అన్నాడు అతడు, నిద్రలో పలికినట్టు.

బొగ్గుపొగ వాసన కమ్మింది. వేడి ఆవిరి ముఖాన కొట్టింది. కంటికి ఏమీ కనబడలేదు. కంకరలో మొలిచిన కలుపుమొక్కలు మాత్రం పడమటి నుండి వరుసగా నేలకు అణగిపోతూ వచ్చాయి... దగ్గరకు... ఇంకా దగ్గరకు...

పచ్చికొమ్మ విరిచినట్టు ఒక చప్పుడు.

బావమరిది బొంగరంలా తిరిగి పడ్డాడు. భుజం దగ్గర తెల్లని ఎముక కొస మిగిలింది. నెత్తురు చిమ్మి టిక్కెట్ల కిటికీ దాకా కొట్టింది. తెగిన చేయి కింద పడలేదు. మనిషి ఎత్తున గాలిలో వేలాడుతూ తూర్పుకు సాగి, ప్లాట్‌ఫారం చివర నిలిచింది. మొక్కలు కూడా అంతవరకే అణగాయి.

బండి ఆగింది.

మాస్టరు చొక్కా విప్పి ఉండచుట్టి, రెండు అరచేతులతో గాయాన్ని అదిమిపట్టాడు.

"బావా... బండి నిండా జనం..."

"మాట్లాడకు. మీ అక్క నన్ను బతకనిస్తుందా? కళ్ళు మూయకు, నన్నే చూడు."

"మనకి రోజుకి నలుగురేగా... ఇంతమంది ఎక్కడ ఎక్కారు?"

"అటు చూడొద్దురా..."

"అందరూ తలలు బయటపెట్టి తూర్పుకే చూస్తున్నారు... అరుస్తున్నారు బావా... ఎందుకు?"

ఎందుకో మాస్టరుకు తెలుసు.

గదిలో తూర్పు యంత్రం మోగింది. మూడు గంటలు.

మాస్టరు వేళ్ళు అలవాటుగా కదలబోయాయి. బిగించుకొన్నాడు. చేతులు తీస్తే బావమరిది ప్రాణం వేళ్ళసందుల్లో నుండి కారిపోతుంది. బదులు లేనిదే అటునుండి బండి రాదు. బదులిచ్చేవాడు ఆ గదిలో లేడు. జీవితంలో మొట్టమొదటిసారి ఆయన గంటను పిలవనిచ్చాడు.

అది రెండవసారి పిలిచింది.

"పిలవనీ..." అన్నాడు పళ్ళు బిగించి. "ఎంతసేపు పిలుస్తుందో పిలవనీ."

నిశ్శబ్దం. ఆయన తల తిప్పి ప్లాట్‌ఫారం చివరకు చూశాడు. గాలిలో వేలాడుతున్న చేయి అక్కడ లేదు.

గదిలో బదులు మోగింది.

టంగ్. టంగ్...

ఒక్క క్షణం ఆగింది.

టంగ్.

ఆయన రెండు చేతులూ బావమరిది భుజం మీదనే ఉన్నాయి.