బాస్మతి డబ్బా

మొదటి సాక్షిని ఢిల్లీ ద్వారక మార్కెట్లో పట్టపగలే కాల్చేశారు. ఇక మిగిలింది పాస్టర్ లియాన్ ఒక్కడే.

బర్మాలో సైన్యం చిన్ తెగ క్రైస్తవుల ఊళ్లు తగలబెడితే ప్రాణాలు దక్కించుకుని ఢిల్లీ చేరినవాడు. సోమవారం జెనీవా వెళ్లి, ఐక్యరాజ్యసమితి ముందు చూసింది చూసినట్టు చెప్పాలి. అతన్ని విమానం ఎక్కనివ్వకూడదని ఒక విదేశీ ముఠా నగరంలో దిగింది.

"ఆదివారం ఆరాధనలో కొడతారు," అన్నాడు బ్యూరో చీఫ్ లక్ష్మీపతి. "మన ఇన్ఫార్మర్ జెనీఫర్ ఇచ్చిన ఇన్ఫర్మేషన్. కిల్లర్ ఫొటోగ్రాఫర్ వేషంలో గేటు నుంచి వస్తాడు. అక్కడ ఇద్దర్ని పెట్టమంది."

"ఇద్దరేనా సార్?"

"వాళ్లు మన పౌరులు కారమ్మా. పైవాళ్లకి పట్టదు."

ఏజెంట్ కెరెన్‌కి ఒళ్లు మండింది.

ఆదివారం, గల్లీలో అద్దె హాలు. నర్సు వేషంలో ఉన్న కెరెన్ బీపీ మిషన్‌లో వైర్‌లెస్ దాచుకుంది. రాళ్లు పడి పగిలిన కిటికీకి అట్టముక్క అంటించారు. బయట ఓనరు, "గానా బంద్ కరో, నహీ తో కమ్రా ఖాలీ కరో," అని పాట ఆపకపోతే గది ఖాళీ చెయ్యమంటూ అరుస్తున్నాడు.

జెనీఫర్ వచ్చింది. చిన్ తెగ పిల్లనని చెప్పుకునే అందగత్తె. హాలంతా సెంటు వాసన.

"గేటు చూడు దీదీ, ఇక్కడ నేనున్నా," అంటూ తన డబ్బా వేదిక ముందు పెట్టింది.

అక్కడ డబ్బాలు చాలా ఉన్నాయి. వండేటప్పుడల్లా దేవుడికని పిడికెడు బియ్యం తీసి దాచి, ఆదివారం తేవడం ఆ ఆడవాళ్ల ఆనవాయితీ. తెనాలిలో కెరెన్ వాళ్లమ్మా అలాగే తెచ్చేది. ఆ మురిపెంతోనే కెరెన్ వంగి చూసింది.

దొడ్డుబియ్యం, నూకలు, పక్కింట్లో బదులు తెచ్చినవి. ప్రతి డబ్బాలోనూ కలగాపులగం. జెనీఫర్ డబ్బాలో మాత్రం అంచుదాకా ఒకే రకం, తెల్లటి బాస్మతి. ఏ పూటకాపూట దాచినవి కావు, ఒక్కసారే పోసినవి.

చెయ్యి దూర్చింది. అడుగున చల్లటి ఇనుము, టిక్ టిక్.

"ఫొటోగ్రాఫర్ లేడు. జెనీఫర్‌ని పట్టుకోండి," అని వైర్‌లెస్‌లో చెప్పి, డబ్బా ఎత్తుకుని వెనక తలుపులోంచి పరుగెత్తింది. గోడ అవతల ఎండిన నాలాలోకి విసిరింది. డబ్బా నేల తాకకముందే పేలింది.

పాట ఆగింది. లియాన్ నిలబడే ఉన్నాడు. అతన్ని చూడగానే కెరెన్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

గేటు దగ్గర జెనీఫర్‌ని పట్టుకున్నది ఆవిడ పెట్టించిన ఆ ఇద్దరే.

"ఎలా కనిపెట్టావు?" అంది బేడీలతో.

"నువ్వెప్పుడూ వంట చెయ్యలేదు కదూ," అంది కెరెన్.

సోమవారం విమానం లేచాక చీఫ్ ఫోన్ చేశాడు. "రిపోర్టులో నష్టం ఏం రాయను?"

"కిటికీ అద్దాలు, రెండు కిలోల బాస్మతి సార్."

"వాళ్లు బాస్మతి తింటారా?"

"తినరు సార్. అందుకే బతికారు."