మంచం పక్కన కూర్చున్నదెవరు

ఆదివారం పొద్దున్నే ఆవిడ అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకుంటోందంటే, ఆ రోజు టీవీలో కనబడుతుందని ఇంట్లోవాళ్లకు తెలిసిపోతుంది. పాతికేళ్లకు పైగా వార్తలు చదివిన గొంతు అది. ప్రభుత్వాలు కూలినా వంతెనలు కూలినా వణకలేదని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక కొత్త పని నెత్తికెత్తుకుంది. పిల్లల ఆసుపత్రుల్లో, జబ్బుపడ్డ బిడ్డ పక్కన రాత్రంతా జాగారం చేసే తల్లిదండ్రులకు కాస్త నడుం వాల్చుకునే గదులు కట్టించడం. అందుకోసం ఏటా పాత చానల్లో కూర్చుని విరాళాలు అడుగుతుంది. అడిగేముందు సొంత కూతురి కథ చెబుతుంది.

ఆ కథ ఊరందరికీ కంఠతా వచ్చు. ఆరేళ్ల పిల్లకు మెదడువాపు జ్వరం, బతుకుతుందో లేదో డాక్టర్లే చెప్పలేని రాత్రి, చెక్క బల్ల మీద కూర్చుని తెల్లవార్లూ కన్నుమూయని తల్లి. "తెల్లారేసరికి మా పిచ్చుక కళ్లు తెరిచింది" అని ఆవిడ కళ్లు తుడుచుకునేసరికి ఫోన్లు గణగణా మోగుతాయి.

ఆ పిచ్చుక ఇప్పుడు పళ్ల డాక్టరు. పంటి నొప్పితో ప్రాణాలు పోతున్నాయంటూ వచ్చినవాళ్లు కూడా నోరు తెరవమంటే, ముందు "ఆ పిచ్చుక మీరేనా?" అని అడుగుతారు. మొదట్లో నవ్వేసేది, తర్వాత ఓర్చుకునేది. ఈ ఏడు మాత్రం ఆ కథ చెప్పొద్దని తల్లికి ముందే చెప్పింది. ఆవిడ అవుననలేదు, కాదనలేదు.

తీరా ఇప్పుడు అద్దం ముందు అదే కథ వినబడేసరికి కూతురు గుమ్మంలో ఆగిపోయింది.

"అమ్మా, వద్దన్నాను కదా."

కథ లేకపోతే ఎవరూ జేబులో చెయ్యి పెట్టరని ఆవిడ వాదించింది. కొత్త గదులకు పైకప్పు పడాలి, కొందరు తల్లులకు నేల మీద పడుకునే బాధ తప్పుతుందంటే నీ సొమ్మేం పోయిందని దెప్పింది కూడా.

"నా కథయితే పోనీలే అనుకునేదాన్ని. అది నీ కథ కూడా కాదు. ఆ రాత్రి నా పక్కన కూర్చున్నది నాన్న."

చదవబోయే కాగితంలో తప్పు దొర్లితే నవ్వినట్టే నవ్విందావిడ. జ్వరంలో ఉన్న పిల్లకు ఏం గుర్తుంటుందంది. కిటికీ దగ్గర ఆవిడ బట్టలు ఇస్త్రీ చేస్తున్న భర్త వైపు తిరిగి, మీరే చెప్పండి అంది. లెక్కల మాస్టారుగా పనిచేసిన ఆయనకు నోట్లో నాలుక లేదని పేరు. భార్య ఏమన్నా "నిజమే" అనడం అలవాటు. ఇప్పుడు మాత్రం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, అవన్నీ ఇప్పుడెందుకులే అన్నాడు. ఆయన నిజమే అనలేదని ఆవిడకు తట్టింది.

"నేనెక్కడున్నానండీ?"

"స్టూడియోలో. ఆ రోజు ఓట్ల లెక్కింపు. నువ్వు లేకపోతే నడవదన్నారు. పిల్ల కళ్లు తెరిచాక వచ్చావు."

ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. మొదటి ఏడు రాసుకెళ్లిన కాగితంలో తండ్రే ఉన్నాడు. తల్లి కూర్చుందంటేనే జనం కరుగుతారని, మంచిపనికే కదా మేడం అని ప్రోగ్రాం చేసేవాళ్లు మార్చారు. ఈ ఒక్కసారికే అనుకుని చదివింది. ముందు ఏముంటే అది కళ్లారా చూసినట్టు చదవడమే ఆవిడ విద్య. ఏటేటా చదివి చదివి ఆ బల్ల గరుకుదనం, ఆ మందుల వాసన తనవే అయిపోయాయి. అబద్ధమాడిన సంగతే మర్చిపోయింది.

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"చెప్పేటప్పుడు ఏడ్చేదానివి కదా. ఆ రాత్రి రాలేకపోయినందుకు ఏడుస్తున్నావనుకున్నాను."

ఆవిడ ఇస్త్రీ బట్టలు అందుకుని తయారవడానికి లోపలికి వెళ్లింది.

ప్రోగ్రాంకు వెళ్లింది, కథ మాత్రం చెప్పలేదు. చెప్పులు తలకింద పెట్టుకుని మంచాల కింద పడుకునే తల్లుల గురించి, తండ్రుల గురించి చెప్పింది. పిచ్చుక సంగతి ఎత్తండి మేడం అని ప్రోగ్రాం వాళ్లు ఇయర్‌ఫోన్‌లో పోరుతుంటే, దాన్ని చెవిలోంచి తీసి బల్లమీద పెట్టేసింది. ఫోన్లు అరకొరగా మోగాయి.

ఎండ తగ్గేవేళకు ఇల్లు చేరింది. పైకప్పు కోసం తోటి డాక్టర్లను తనూ అడుగుతానని కూతురు తలుపు తీస్తూనే చెప్పింది. ఆవిడ తలూపి, బట్టలైనా మార్చుకోకుండా భర్త ఎదురుగా కూర్చుంది.

"ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పండి. నేను వింటాను."

ఆయన చెప్పాడు. "ఏముంది, వార్డులో టీవీ ఉండేది. మగతలోకి జారుకునే ముందు పిల్ల అందులో నిన్నే చూస్తూ, అమ్మ నన్ను చూస్తోందా అని అడిగింది."

"మీరేమన్నారు?"

"చూస్తోందన్నాను. నవ్వితే అమ్మ సంతోషిస్తుందన్నాను. కళ్లు మూతలు పడేదాకా టీవీకేసి నవ్వుతూనే ఉంది."

ఆవిడకు దుఃఖం పొంగుకొచ్చింది. ఎవరినీ కరిగించడానికి కాదు, ఆపుకోవడం చేతకాలేదు. కూతురు వచ్చి కిందనే, తల్లి మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"నేను చూడలేదే తల్లీ" అంది ఆవిడ.

"తెలుసమ్మా" అంది కూతురు. "ఇప్పుడు చూడు."