రుచి లేని ఆవిరి

శనివారం పొద్దున తొమ్మిదింటికి మెకినిస్‌ల వంటింటి బల్ల సగం ఎఫీది, సగం ఆవిడ భర్త రానల్డ్‌ది. ఆవిడ సగంలో ఓట్ బిస్కెట్లకి కలిపిన పిండి. ఆయన సగంలో చిన్న తూకం, నాలుగు సీసాలు, ఒక నోటుపుస్తకం. చేతులకి రబ్బరు తొడుగులు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. కొత్తవాళ్లెవరైనా చూస్తే గుండె ఆపరేషన్ అనుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోతారు. ఆయన చేస్తున్నది ఆ నెలకి సరిపడా వేప్ ద్రవం, అంటే ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో పోసుకునేది, కలపడం.

"కాస్త ఊపిరి బిగపట్టు. తూకం కదులుతోంది," అన్నాడు రానల్డ్.

"నా ఊపిరికి బరువెంతుంటుందేం?"

"మాటలతో కలిపితే చాలా ఉంటుంది."

రానల్డ్ ముప్పై ఎనిమిదేళ్లు సిగరెట్లు తాగాడు. అందులో ఇరవై రెండేళ్లు కెనడా తూర్పు తీరాన గ్లేస్ బే ఊరి బొగ్గుగనిలో పని. కింద పీల్చింది చాలనట్టు పైకి రాగానే అగ్గిపుల్ల గీసేవాడు. తొమ్మిదేళ్ల కిందట అన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక, ఎవరో ఇచ్చిన వేప్ పట్టుకుని సిగరెట్టు వదిలాడు. దుకాణాల్లో దొరికే ద్రవాలేవీ నచ్చక, బ్లూబెర్రీ సారం, రవ్వంత మీగడ వాసన, నికోటిన్ తనే కలుపుకోవడం నేర్చుకున్నాడు. కలిపిన సీసా మీద తేదీ వేసి, మూడు వారాలు చీకటి అలమరలో ఉంచేవాడు. ఏటా నికోటిన్ కాస్త తగ్గించేవాడు. పెళ్లిరోజు తేదీ గుర్తుండని మనిషి, సీసాల తేదీలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

రెండేళ్ల కిందట రాష్ట్ర ప్రభుత్వం పొగాకు రుచి తప్ప మిగతా వేప్ రుచులన్నీ నిషేధించింది. బడిపిల్లలు పళ్ల రుచులకి అలవాటు పడుతున్నారని కారణం. ఆయనకి సారాలు అమ్మే దుకాణం ఆ అరలు ఖాళీ చేసింది. వేరే రాష్ట్రాల దుకాణాలు వీళ్ల నోవా స్కోషియా రాష్ట్రం చిరునామా చూడగానే ఆర్డరు వెనక్కి కొట్టాయి. చట్టం అమలయ్యేలోగానే రానల్డ్ రెండేళ్లకి సరిపడా సారం కొని దాచాడు. ఎఫీ జామ్ సీసాలు వాటికి చోటిచ్చి మెట్ల కిందకి మకాం మార్చాయి.

ఆ శనివారం దాచిన సారంలో చివరి సీసా తలకిందులు చేసి రెండుసార్లు తట్టాడు. ఒక చుక్క పడింది.

"అంతే," అన్నాడు.

ఆ చట్టం కావాలని శాసనసభ సంఘం ముందు మాట్లాడినవాళ్లలో వాళ్లమ్మాయి ఊనా ఒకతె. హాలిఫాక్స్‌లో బడిపిల్లల ఆరోగ్యం చూసే నర్సు. ఆ ప్రసంగాన్ని రానల్డ్ కంప్యూటర్లో మొదటి నుంచి చివరిదాకా చూశాడు. "మెడ పట్టేసినట్టు నిలబడింది గానీ, బాగా మాట్లాడింది," అన్నాడు. ఆ తర్వాత ఆ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఊనా వచ్చినప్పుడల్లా ఆయన వేప్ జేబులో పెట్టుకుని పెరటి షెడ్‌లోకి వెళ్లేవాడు. ఊనా చూడనట్టు ఉండేది. అందరూ చాలా మర్యాదగా ఉన్నారు. ఇంట్లో మర్యాద పెరిగితే ఎఫీకి భయం.

తర్వాతి నెల ఆయన పొగాకు రుచి ద్రవం కొని తెచ్చాడు. రెండు రోజులు పీల్చి పక్కన పెట్టాడు.

"సిగరెట్టు నుంచి పారిపోయేవాడికి సిగరెట్టు రుచే మిగిల్చారు. భలే తెలివి," అన్నాడు. తర్వాత ఏ రుచీ లేకుండా కలుపుకున్నాడు. వేణ్ణీళ్ల ఆవిరి పడుతున్నట్టుందన్నాడు. మే నెలలో ఒక రోజు కారులో గొడుగు కోసం వెతుకుతుంటే ఎఫీకి సిగరెట్ పెట్టె దొరికింది. మూడు తగ్గాయి. ఆవిడ దాన్ని ఉన్నచోటే పెట్టి, గొడుగు లేకుండా వానలో తడుస్తూ వచ్చింది.

మర్నాడు కేకు సామాన్ల దుకాణానికి వెళ్లి బ్లూబెర్రీ సారం అడిగింది. అమ్మాయి వేలెడంత సీసా ఇచ్చింది. "చాలా ఘాటు. రెండు చుక్కలు చాలు. చాక్లెట్లలోకా?"

మా ఆయనలోకి అని నోటిదాకా వచ్చింది. "ఆఁ," అంది ఎఫీ.

రానల్డ్ పేకాటకి వెళ్లిన మధ్యాహ్నం ఆయన తొడుగులు వేసుకుని, ఆయన నోటుపుస్తకం తెరిచి, ఆయన లెక్క ప్రకారమే తూచింది. సారం పైకి తేలింది. గట్టిగా కుదిపింది. మసకగా కలిసింది.

"ఇదెక్కడిది?" అన్నాడు రానల్డ్, మూత తీసి వాసన చూసి.

"అలమర వెనక పడి ఉంది."

"కాస్త మసకగా ఉందే."

"పాతది కదా. నువ్వూ నేనూ మాత్రం తేటగా ఉన్నామా?"

అరగ్రాము తేడాకి గింజుకునే మనిషి ఇంకేం అడగలేదు. సీసా మీద తేదీ కూడా చూడలేదు. పోయినవాళ్లు తిరిగొచ్చినట్టు కళ్లు మూసుకుని పీల్చాడు. సాయంత్రం ఆయనే కారులోంచి సిగరెట్ పెట్టె తెచ్చి చెత్తబుట్టలో పడేశాడు. ఎఫీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మూడు వారాలకి దగ్గు మొదలైంది. తర్వాత జ్వరం. తర్వాత మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయాడు. ఆసుపత్రిలో ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఊనా ఐదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది.

"మీ ఊపిరితిత్తుల్లో నూనె ఉంది," అంది డాక్టరు. "మీరు పీల్చేదాంట్లో నూనె ఉన్న సారం ఏమైనా కలిపారా?"

రానల్డ్ తల తిప్పి ఎఫీ వైపు చూశాడు. ఒక్క చూపే. ఆయనకి అంతా అర్థమైందని ఆవిడకి అర్థమైంది.

"కలిపాను. కళ్లద్దాలు పెట్టుకోకుండా కొన్నాను," అన్నాడు.

డాక్టరు వెళ్లేదాకా ఊనా ఆగింది. అంతకుమించి ఆగలేకపోయింది.

"నూనె కలపకూడదని లోకానికంతా పాఠం చెప్పేవాడివి కదా నాన్నా! ఇందుకే నేను వెళ్లి మాట్లాడింది. ఇళ్లల్లో కూర్చుని ఏది పడితే అది కలుపుకుని..."

"నిజమేనమ్మా."

"నిజమేనమ్మా అనకు! రెండేళ్లుగా ఇదే! ఒక్కసారి నన్ను తిట్టు!"

"నేను కలిపాను," అంది ఎఫీ.

"ఎఫీ, ఊరుకో," అన్నాడు రానల్డ్.

"ఊరుకోను. మిఠాయిల్లో వేసే సారం. నేనే కొన్నాను, నేనే కలిపాను, నేనే అబద్ధం చెప్పాను. మీ నాన్న మళ్లీ సిగరెట్టు పట్టాడే. చూసి ఓర్చుకోలేకపోయాను."

ఊనా తల్లి వైపు తిరిగింది. "ఒక్క ఫోన్ చేయాల్సింది కదమ్మా."

"చేసి ఏమని అడగను? నువ్వు తీయించేసింది మళ్లీ ఇంట్లోకి ఎలా తెచ్చుకోవాలీ అనా?"

ఊనా కుర్చీలో కూలబడింది.

"సంఘం ముందు నాకు ఐదు నిమిషాలిచ్చారు," అంది. "పన్నెండేళ్ల పిల్ల వేప్ పీల్చి బడి బాత్రూములో పడిపోయిన సంగతి చెప్పాను. అది నిజం. నాన్న గురించి కూడా రాసుకున్నాను. ఆఖరి పేరా. చదవలేదు."

"ఎందుకని?" అంది ఎఫీ.

"చదివితే నా మాట పలచబడుతుందనిపించింది."



"ఆ పిల్ల ఎలా ఉంది?" అన్నాడు రానల్డ్.

"మానేసింది. బాగుంది."

"అయితే మంచిదే." ఊపిరి అందుకోడానికి ఆగాడు. "ఏం రాశావు నా గురించి?"

ఊనాకి కాగితం అక్కర్లేకపోయింది. "మా నాన్న ముప్పై ఎనిమిదేళ్లు సిగరెట్లు తాగాడు. ఇప్పుడు శనివారాలు వంటింట్లో సిగరెట్టు మాన్పించే మందు తనే కలుపుకుంటాడు. అన్నను పాతిపెట్టినవాడు, తనను బతికించుకుంటున్నాడు. పిల్లల్ని కాపాడండి. కానీ మా నాన్నలాంటివాళ్లకి ఒక్క దారి ఉంచండి."

రానల్డ్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "బాగా రాశావు," అన్నాడు గోడతో.

రెండు వారాల తర్వాత ఇంటికి పంపారు. పాడైన ఊపిరితిత్తులు పూర్తిగా కోలుకోవన్నారు. ఆక్సిజన్ గొట్టం ఇంటికీ వచ్చింది. ఇక ఏ ఆవిరీ పీల్చకూడదు. నికోటిన్ కోసం ఒంటిమీద అంటించే పట్టీలు ఇచ్చారు. ఊనా సెలవు పొడిగించుకుని ఉండిపోయింది.

మొదటి రోజు పొద్దున రానల్డ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి చొక్కా భుజం దింపింది. ఆ భుజం ఇంత చిక్కిపోయిందని ఎఫీ అప్పుడే గమనించింది. తల్లి చూపు చూసి ఊనా, "ఇలా రా అమ్మా, రేపటి నుంచి నువ్వే చెయ్యాలి," అంది.

"నా చేత్తోనా?" అంది ఎఫీ. అడుగు ముందుకు పడలేదు.

"నీ చేత్తోనే," అన్నాడు రానల్డ్. "ఇన్నేళ్లు ఎవరి చేతివంట తిన్నాననుకుంటున్నావు?"

ఎఫీ వచ్చి పట్టీ అందుకుంది. ఊనా చూపించినట్టు అంటించి, అరచేత్తో అదిమి పట్టుకుంది. పైన ఊనా తన చెయ్యి వేసింది.

"దీని రుచేమిటి?" అన్నాడు రానల్డ్.

"రుచేం ఉండదు నాన్నా."

"అయితే ప్రభుత్వానికి అభ్యంతరం ఉండదు."

ఊనా నవ్వింది. నవ్వు మధ్యలోనే విరిగింది. తండ్రి భుజం మీద నుదురు ఆనించి, రెండేళ్లది ఒక్కసారిగా ఏడ్చింది. ఎఫీ చెయ్యి తీయలేదు. ఆవిడ కన్నీళ్లు కూడా అక్కడే పడుతున్నాయి.

"తడిస్తే అంటుకోదర్రా," అన్నాడు రానల్డ్.

ముగ్గురిలో ఎవరూ కదలలేదు.