ఉల్బియో కొలతబొమ్మ

మా ఊరు గుయాకిల్‌లో మా వీధి నిండా బొమ్మలు చేసేవాళ్లమే. కర్రలతో, కాగితంతో, పాతబట్టలతో మనిషి బొమ్మలు చేస్తాం. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి కాల్చేస్తాం. పాత ఏడాది పీడ వాటితో పోతుంది. మనిషి ఆకారంలో చేసిన దేన్నీ కాల్చకుండా కొత్త ఏడాదిలోకి తీసుకెళ్లకూడదని మా నాన్న గట్టిగా చెప్పేవాడు. నేను ఆయన కూతుర్నే కానీ, ఆయన మాట వినే రకాన్ని కాను.

నా పని కవచాలు. అంతరిక్ష యోధుల వేషం కట్టేవాళ్ల కోసం ఫోమ్ షీట్లు కోసి, వేడిగాలితో వంచి, జిగురుతో అతికించి, రంగు వేస్తాను. రెండేళ్ల కిందట మా తమ్ముడు ఉల్బియో తనకీ ఒకటి కావాలన్నాడు. కవచం ఒంటికి అతకాలంటే ఆ ఒంటి అచ్చు ఉండాలి. వాడికి ముందు ప్లాస్టిక్, దాని మీద వెండిరంగు టేపు చుట్టి, వీపు వెంబడి కత్తెరతో కోసి తీశాను. కోసేటప్పుడు మెడ వెనక మొన తగిలి గాటు పడింది, మచ్చ అలాగే ఉండిపోయింది.

"కవచం చేయమంటే పీక కోస్తావేంటక్కా?" అని వారం రోజులు ఏడిపించాడు.

ఆ అచ్చులో రంపపు పొట్టు, పాత పేపర్లు కూరి, కోత మూసేశాను. జిగురు అంటకుండా వాడి పసుపు చొక్కా తొడిగి మూల నిలబెట్టాను. తల లేదన్న మాటే గానీ, చూస్తే వాడే.

ఆ ఏడాది ముప్పై ఒకటిన అమ్మ అడిగింది. "దాన్ని కాల్చవా, నర్సీ?"

"అది బొమ్మ కాదమ్మా, కొలత. కాల్చేస్తే రేపు రిపేర్లు దేని మీద చేయను, నీ మీదా?"

అది మూలనే ఉండిపోయింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం, పిల్లల ఆసుపత్రికి వేషాలతో వెళ్లాల్సిన రోజు. మధ్యాహ్నం రెండు గంటలు. వాన పడి వెలిసింది, కరెంటు పోయింది. గదిలో జిగురు వాసన, తడిసిన చెక్క వాసన, ఉడికిపోయే ఉక్క. ఉల్బియోకి కవచం తొడుగుతున్నాను. బకిల్స్ అన్నీ వీపు మీదే ఉంటాయి, వేసుకున్నవాడికి చెయ్యి అందదు. హెల్మెట్ పెట్టుకుంటే మాట బయటికి రాదు. అందుకని కవచం మీద తట్టి చెప్పుకోవడం మా అలవాటు. ఒకసారి తడితే సరిపోయింది. రెండుసార్లయితే బిగుతు. మూడుసార్లు తడితే వెంటనే విప్పెయ్.

మూడో బకిల్ అందలేదు. వారం కిందట బాగానే పట్టింది మరి.

టక్, టక్.

"ఊపిరి బిగపట్టరా, తొందరగా అయిపోతుంది," అని మోకాలు వీపుకి ఆనించి లాగాను. బకిల్ పడింది.

టక్, టక్, టక్.

విప్పబోయాను. రాలేదు. పైదీ రాలేదు. హెల్మెట్‌లో చిన్న ఫ్యాన్ ఆగిపోయింది.

టక్, టక్, టక్.

"ఉండరా... ఉండు నాన్నా..." వేళ్లు జారుతున్నాయి. గోరు విరిగింది. కత్తి కోసం బల్ల మీద తడుముతున్నాను. చప్పుడు నెమ్మదించింది. ఒకటి... చాలాసేపటికి ఇంకోటి...

అప్పుడు చూశాను. ఉల్బియో చేతులు రెండూ కదలకుండా వేలాడుతున్నాయి.

చప్పుడు నా వెనక నుంచి వస్తోంది. ఆ మూల నుంచి.

అది ఆగగానే బకిల్స్ వాటంతటవే ఊడాయి. వాడు హెల్మెట్ తీశాడు. ముఖం మీద ఒక్క చెమట చుక్క లేదు.

"ఎందుకక్కా కంగారు? లోపల ఎంత చల్లగా ఉందో."

ఆ రోజు నుంచి కవచం వాడికి వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టింది. అమ్మ సంతోషానికి హద్దు లేదు. పొద్దున్నే లేస్తున్నాడు, చేపల పులుసులో ఉల్లిపాయలు ఏరకుండా తింటున్నాడు. ఒకసారి జుట్టు కత్తిరిస్తూ మెడ వెనక చూశాను. ఆ కత్తెర గాటు మచ్చ లేదు.

మూలనున్న బొమ్మ చొక్కా మాత్రం చంకల కింద తడుస్తోంది. ఉతికి తొడిగినా మళ్లీ తడుస్తోంది.

"అమ్మా, వీడు మన ఉల్బియో కాదేమో."

"ఆ జిగురు పీల్చి పీల్చి నీ బుర్ర పాడైంది. నోరు మూసుకుని తిను."

ఎన్నిసార్లు కత్తెర పట్టుకుని ఆ బొమ్మ ముందు కూర్చున్నానో. కోస్తే పొట్టే రాలితే నాకు పిచ్చని తేలుతుంది. పొట్టు కాకపోతే? నా చేతుల్తో నేను కోసింది ఏమిటవుతుంది? ప్రతిసారీ కత్తెర తీసి పెట్టేసేదాన్ని. దానికి ఎండ తగలకుండా తెర కట్టడం ఒక్కటే నేను చేయగలిగింది.

మళ్లీ డిసెంబరు ముప్పై ఒకటి వచ్చింది. వాడే దాన్ని భుజాన వేసుకుని వీధిలోకి తెచ్చాడు.

"ఏడాది ఆలస్యమైంది. ఈసారి కాల్చేద్దాం అక్కా."

ఇరుగుపొరుగు చప్పట్లు కొట్టారు. నేను దాని నడుం పట్టుకుని వదల్లేదు.

"వదలవే, అందరూ చూస్తున్నారు," అంది అమ్మ.

టేపు వెచ్చగా ఉంది. నా అరచేతి కింద... మూడుసార్లు. ఆగి, మళ్లీ మూడుసార్లు. నోరు తెరిచాను. ఏమని చెప్పాలి, ఎవరికి చెప్పాలి?

వాడు నా చెవి దగ్గరికి వంగాడు. వాడి నోట్లోంచి రంపపు పొట్టు వాసన వచ్చింది.

"ఊపిరి బిగపట్టమను అక్కా. తొందరగా అయిపోతుంది."

నా వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. వీధి చివరిదాకా టపాకాయలు పేలుతున్నాయి. ఆ మోతలో నాకింకేం వినపడలేదు. వినపడలేదనే చెప్పుకుంటున్నాను.

తెల్లారాక బూడిద నేనే ఊడ్చాను. చొక్కా గుండీ ఒకటి దొరికితే జేబులో వేసుకున్నాను. గదిలోకి వచ్చి, బల్ల మీదున్న కవచానికి బకిల్స్ పెట్టి, ఎప్పటిలాగే మేకుకి తగిలించాను. ఖాళీ కవచం, చేతికి బరువే లేదు.

వెనక్కి తిరిగాను.

కవచం లోపలి నుంచి తట్టిన చప్పుడు వినపడింది. ఒక్కసారే. సరిపోయిందని.