కత్తెరకొక్కడికే కనిపించే పెట్టె

"ఈ సైట్లో చెప్పినట్టే చేశానండీ. అయినా దారం తెగుతూనే ఉంది," అంటూ ఆ అబ్బాయి తడిసిన కుట్టుమిషన్ని బల్ల మీద దించి, ఫోన్ తెరిచి చూపించాడు.

బయట వాన దంచేస్తోంది. మెకానిక్ కళ్ళజోడు వెతుక్కునేలోపే ఆయన కూతురు తొంగి చూసి కొయ్యబారిపోయింది. ఆ సైటు ఆమెదే! నాన్న ముప్పయ్యేళ్ళుగా వేళ్ళ చివర దాచుకున్న విద్యనంతా ఫొటోలు తీసి, బొమ్మలు గీసి, రెండేళ్ళు కష్టపడి అందులో పెట్టింది. వీధిలో అందరూ ఆమెను మిషనమ్మాయి అని పిలిచేది అందుకే. అతని ఫోన్లో మాత్రం ఆ పేజీ కడిగిన పళ్ళెంలా ఉంది.

"యాడ్లేవీ?"

"బ్లాకర్ పెట్టానండీ. ప్రాణానికి హాయిగా ఉంటుంది, మీరూ పెట్టుకోండి."

"నా సైటుకి నేనే పెట్టుకోవాలా? అది బతికేదే ఆ యాడ్ల మీద! ఇలాగే సాగితే రెండు నెలల్లో మూసేయాలి. మా నాన్న విద్యంతా దాంతోపాటే పోతుంది."

అబ్బాయి ముఖం చిన్నబోయింది. "సైటు మీదా? చాలా బావుంటుందండీ. కానీ బాబిన్ ఎలా పెట్టాలో చూద్దామంటే మధ్యలో బట్టతల నూనె వచ్చి గెంతుతుంది. మూసే గుర్తేమో ఆవగింజంత."

"బ్లాకర్ ఉన్నవాళ్ళకి పైన ఒక పెట్టె కనిపిస్తుందిగా, దయచేసి మా సైటుకి ఆపండి అని? అది చూసైనా జాలెయ్యలేదా?"

"ఆ పెట్టె ఎవరికీ కనిపించదండీ," అతను గొంతు తగ్గించాడు. "ఏ సైట్లో ఏది దాచాలో బ్లాకర్లకి చెప్పే జాబితా ఒకటుంటుంది. తెలుగు సైట్లకి అది రాసేది నేనే. సరదాకి మొదలుపెట్టాను, ఇప్పుడు లక్షల ఫోన్లలో ఉంది. మీ పెట్టెని కూడా... దాచేశాను."

"అంటే ఇన్నాళ్ళూ నా నోరు నొక్కింది మీరా!"

"నాకొక్కడికే కనిపిస్తుందండీ. సరిగ్గా దాగిందో లేదో నేను చూసుకోవాలిగా."

ఈలోగా మెకానిక్ మిషన్ విప్పి పెదవి విరిచాడు. "బాబిన్ కూర్చునే షటిల్ తిరగేసి బిగించావు బాబూ. మా అమ్మాయి సరిగ్గానే చెప్పింది, నువ్వే సరిగ్గా చదవలేదు."

మిషనమ్మాయి కళ్ళు మెరిశాయి. ఆ క్షణంలోనే అతనికి కత్తెర అని పేరు కూడా పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే పెట్టెలో మాట మార్చింది. "కత్తెర గారూ, రాత్రి నిద్ర పట్టిందా? నాకు పట్టలేదు. ఇట్లు, మీరు నోరు నొక్కిన మనిషి."

జవాబు జాబితాలో దొరికింది. ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే వాక్యాన్ని బ్లాకర్లు పట్టించుకోవు. రాసినవాడు గుర్తు కోసం రాసుకునేది అది. జాబితా అందరికీ తెరిచే ఉంటుంది గానీ, పనిగట్టుకుని చదివేవాళ్ళెవరు? తిట్టుకోవడానికని వెళ్ళిన మిషనమ్మాయికి తన సైటు పేరు పక్కనే కనిపించింది.

"! నాకూ పట్టలేదండీ. ఇంతకీ ఇప్పుడు దారం తెగట్లేదు. మీ నాన్నగారికి నమస్కారాలు."

అలా మొదలైంది. ఆమె పెట్టెలో రాస్తుంది, అతను జాబితాలో రాస్తాడు. ఫోన్ నంబరు అడగాలని ఇద్దరికీ ఉంది, ముందు అడిగితే చులకనైపోతామని ఇద్దరికీ భయం. ఇద్దరూ ఇద్దరే.

ఒకరోజు ఆమె సూటిగా అడిగింది. "అసలు యాడ్లంటే మీకెందుకంత కక్ష?"

"! ఫోన్లో వైరస్ ఉందన్న యాడ్ నమ్మి అమ్మ నొక్కింది. మా అక్క కూతురి ఫొటోలన్నీ పోయాయి. రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పట్నించీ ఈ జాబితా రాస్తున్నాను."

మిషనమ్మాయి అది మూడుసార్లు చదివింది. ఆ సాయంత్రమే తన సైట్లో గెంతేవి, మెరిసేవి, భయపెట్టేవి అన్నీ పీకేసింది. దారాల కొట్టుది, గుండీల కొట్టుది రెండు బుద్ధిమంతులైన యాడ్లు మిగిలాయి. సైటు మరో నెల నిలుస్తుందో లేదో తెలియదు. అయినా మనసు తేలికపడింది.

అంతటితో ఆగితే బావుండేది. మర్నాడు పొద్దున పెట్టెలో ఇలా రాసింది.

"కత్తెర గారూ, ఈ పెట్టె దాచారని మీతో పోట్లాడాను. ఇప్పుడు దాచే ఉంచండి, ఇందులోది మీకొక్కరికే. వాన పడితే చాలు, మిషన్ మోసుకుని మీరొస్తారేమోనని గుమ్మం వైపు చూస్తున్నాను. మీరంటే నాకిష్టం."

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. "అమ్మాయ్, కత్తెరెవరు?" అంది రెండో వీధి దర్జీ ఆవిడ. ఫోన్ పెట్టేలోపు దారాల కొట్టాయన. ఆ తర్వాత అమ్మే, వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "ఏమిటే ఇది? మీ పిన్ని పంపింది!"

మిషనమ్మాయి గబగబా జాబితా తెరిచింది.

"! గెంతే యాడ్లన్నీ తీసేశారు, రాత్రి చూశాను. అన్ని బ్లాకర్లూ నా చేతిలో లేవు గానీ, మీ పెట్టె మీద మూత మాత్రం తీసేశాను. ఇకమీదట మీ మాట అందరూ వింటారు. రేపు అమ్మతో ప్రయాణం, ఎల్లుండి కలుస్తాను."

పెట్టె ఖాళీ చేసేలోపు పదకొండు వేల మంది చదివేశారు. చదివినవాళ్ళు ఊరుకుంటారా? పేజీ కింద వరసగా కామెంట్లు రాశారు. "మీ సైటుకి మా బ్లాకర్ ఆపేశాం, కత్తెర ఏమన్నాడో చెప్పండి." "జాకెట్టు సగంలో ఆపి కూర్చున్నాను తల్లీ, త్వరగా చెప్పు." సైటు బతికిపోయింది. మిషనమ్మాయికి మాత్రం దుప్పటి కింద దూరి ఏడాదిదాకా లేవకూడదనిపించింది. నాన్న తలెత్తకుండా మిషన్లకి నూనె వేసుకుంటున్నాడు. అదే ఎక్కువ భయంగా ఉంది.

అతను వస్తానన్న రోజున మళ్ళీ వాన. షాపులో ఇద్దరు దర్జీలు, ఒక మిషన్ చప్పుడు, గుమ్మంలో తడిసి ముద్దయిన కత్తెర. వెనకాల గొడుగుతో వాళ్ళమ్మ.

"రైల్లో సిగ్నల్ లేదండీ. నాకు రాసిన ఉత్తరం అందరికంటే ఆఖర్న చదివింది నేనే," అన్నాడు రొప్పుతూ.

"చదివారుగా, మరి జవాబు?" మిషనమ్మాయి తలెత్తలేదు.

"అప్పుడే రాసేశానండీ. జాబితాలో."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "బావుందండీ! నాది లోకమంతా చదివింది. మీది లక్షల ఫోన్లలో ఉన్నా ఒక్కరికీ కనిపించదు!"

"నిజమే, అన్యాయం," అంది కత్తెర వాళ్ళమ్మ. "పైకి చదవరా."

కత్తెర చెవులదాకా ఎర్రబడ్డాడు. ఫోన్ తీసి, గొంతు సవరించుకుని, "ఆశ్చర్యార్థకం," అని మొదలుపెట్టాడు. "మీరంటే నాకూ ఇష్టం. ఆ రోజు షటిల్ తిరగబడిందని ఇంటిదగ్గరే తెలుసు. సైట్లో షాపు అడ్రసు, పక్కన మీ ఫొటో చూశాక కావాలనే సరిచెయ్యకుండా మోసుకొచ్చి, సైటు మీదని తెలియనట్టు నటించాను. పెళ్ళి చేసుకుందామా?"

ఆమె తలెత్తి చూసింది. నవ్వు ఆపుకోవాలనుకుంది, ఆగలేదు.

మెకానిక్ నూనె డబ్బా బల్ల మీద పెట్టాడు.

"ఆ మిషన్ ఒక్క నిమిషం ఆపమ్మా," అన్నాడు దర్జీతో. తర్వాత కత్తెర వైపు తిరిగాడు. "చప్పుడులో ఆఖరి ముక్క సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చదువు బాబూ, గట్టిగా."