నాలుగు పిన్నీసులు

“నా పిన్నీసులు యాడ పోయినాయి? స్నానానికి పోతా దారం తీసి ఈ మేకుకే తగిలిచ్చింటి. నాలుగుండల్ల, ఒకటీ లేదు!”

హులిగమ్మ గొంతు ఇల్లంతా మోగింది. లోపలి గదిలో కోడలు లావణ్య ఉలిక్కిపడింది. ఆమె ఒడిలో, తెల్లవారితే మారథాన్‌కు తొడుక్కోవలసిన చొక్కా ఉంది. దానిమీద నంబరు కాగితం... కాగితం నాలుగు మూలలా ఆ నాలుగు పిన్నీసులే!

“నేనే తీసుకుంటి అత్తా... రేపు మధ్యాహ్నానికి ఇచ్చేస్తా.”

“అడిగి తీసుకుంటే నోటి ముత్యాలు రాల్తాయా?”

“అడిగితే ఇస్తావా?”

“ఇయ్యను! అమావాస్య పూట ఆ రోడ్డు మీద ఉరికేదానికి నా చేత్తో నేను ఇయ్యను!”

మగ్గం గుంతలోంచి కొడుకు మంజునాథ్ తల ఎత్తాడు. “పిన్నీసులకేనామ్మా ఇంత రచ్చ? అంగడికి పోయి డజను తెస్తా పో!”

“దీపాలు పెట్టినాక సూదులు, పిన్నీసులు ఎవడమ్ముతాడప్పా నీకు?”

మంజునాథ్ మళ్ళీ మగ్గం మీదికి వంగాడు. లావణ్య పిన్నీసులు ఒక్కొక్కటే తీసింది. దీపాలు పెట్టాక అవి చేతులు మారకూడదు కనుక గూట్లో పెట్టి వచ్చింది. మగ్గం దగ్గరి నూలుపోగు సూదికి ఎక్కించి, నంబరు కాగితాన్ని చొక్కాకు కుట్టుకుంటూ కూర్చుంది. కళ్ళు మసకలు కమ్మి సూది రెండుసార్లు వేలికి దిగింది...

అసలు తగువు పిన్నీసులది కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మగ్గానికి నెలకు ఒక్కటే సెలవు, అమావాస్య. పదకొండేళ్ళ క్రితం అలాంటి సెలవునాడే, మామ లక్ష్మప్ప ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి జరీ కోసం బండిమీద వెళ్ళాడు. తిరుగు దారిలో, ఊరు ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా, వాగు మీది మోరీ దగ్గర పత్తి లారీ గుద్దింది. ఆయన్ను పొమ్మని తొందరపెట్టి పంపింది హులిగమ్మే! ఆనాటి నుంచి ఆమె ఆదోని రోడ్డు మొహం చూడలేదు. ఆదోనిలో కోడలి పుట్టింట శుభకార్యమైనా సరే, గడప దాటలేదు. పుస్తెలతాడు తీసిన మెడలో తాయెత్తు కట్టిన నల్లదారం మిగిలింది. తాడుకున్న నాలుగు పిన్నీసులూ ఆ దారానికి మారాయి.

ఆదోని కాలేజీలో చదివేటప్పుడు పరుగులో కప్పులు తెచ్చుకున్న లావణ్యకు, దూరాలు పరిగెత్తడానికి ఆ అమావాస్యలే దొరికాయి. నూలు కండెలు చుట్టే చేతులు ఇంటివి. రొట్టె తట్టే చేతులు ఇంటివి. నెలకు ఆ నాలుగైదు గంటలు మాత్రం తనవి! కోడలు తిరిగొచ్చే దాకా హులిగమ్మ మంచినీళ్ళు ముట్టకుండా గడప దగ్గరే కూర్చునేది.

పోయిన ఏడు ఇదే పందెంలో లావణ్యకు పట్టింది నాలుగు గంటల యాభై ఒక్క నిమిషాలు. ఈసారి అత్త ఒకే మాట అంది. “ఒక్క నిమిషమన్నా తగ్గిచ్చు. తగ్గిస్తే నీ ఇష్టం. లేదంటే ఆ బూట్లు అటకెక్కాల.” లావణ్య, కూతురు ఇందు తలమీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

ఉదయం అయిదింటికి ఎమ్మిగనూరులో పరుగు మొదలైంది. ఆదోని దారిలో ఇరవై ఒక్క కిలోమీటర్లు పోయి, మళ్ళీ వెనక్కి రావాలి. అంటే, తొమ్మిదీ యాభైకల్లా గీత దాటాలి! తిరుగు దారి పట్టేసరికి లెక్క సరిగ్గానే ఉంది. కానీ పత్తి చేల మీద ఎండ చురుక్కుమనే వేళకు కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయింది. కుంటింది... పళ్ళు బిగించి నడిచింది... ముగ్గురు దాటిపోయారు. గడియారం చూస్తే తొమ్మిదీ ఆరు. ఇంకా ఆరు కిలోమీటర్లు! ‘అయిపోయింది దేవుడా!’ అనుకుంటూ మోకాళ్ళమీద చేతులు పెట్టి వంగిపోయింది.

తల ఎత్తితే ఎదురుగా మోరీ. మోరీ గోడ పక్కన మంజునాథ్ బండి. దాని ముందు, తలమీద కొంగుతో, చేతిలో చెంబుతో... హులిగమ్మ!

“అత్తా... నువ్వు... ఈడ...”

“మాటలొద్దు. తాగు!”

ఉప్పేసిన మజ్జిగ. నోటికి అందించే తొందరలో సగం ఒలికిపోయింది. లావణ్య తాగి, ఒళ్ళు తూలి, గోడకు ఆనుకుని కూర్చోబోయింది.

“ఈడ కూసోవద్దే!” హులిగమ్మ కేక పెట్టింది. “ఈడ కూలబడిన మనిసి మళ్ళ లేయలేదే నాకు! ఉరుకు! ఉరుకమ్మా!”

చెంబు విసిరేసి కోడలి చెయ్యి పట్టుకుంది. ఉత్తకాళ్ళతో, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఆ రోడ్డుమీదే, యాభై అడుగులు ఆమెతోపాటు పరుగెత్తింది! ఊపిరాడక ఆగిపోయి, వీపుమీద చెయ్యేసి తోసింది. “పో... ఎనక్కి సూడొద్దు...”

లావణ్య చూడలేదు. ఏడుస్తూనే పరుగెత్తింది. గీత దాటేటప్పుడు గడియారంలో నాలుగు గంటల నలభై తొమ్మిది నిమిషాల ఇరవై రెండు సెకన్లు!

మధ్యాహ్నం నలుగురూ అన్నాలకు కూర్చున్నారు. జొన్నరొట్టె, వంకాయ కూర. రొట్టె ముక్క పక్కన పెట్టి హులిగమ్మ అంది.

“నేనొక తప్పు చేసినా. నువ్వు ఓడిపోవాలని ఉరుకుంద ఈరన్న సామికి టెంకాయ మొక్కుకుంటి.”

మంజునాథ్ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇందు కళ్ళింతలు చేసుకుంది. “మరి మోరీ కాడికి ఎందుకొచ్చినావవ్వా?”

“ఓడిపోయేది కండ్లారా సూద్దామని! మీ యమ్మ అట్ల వంగిపోయేసరికి... నా కాళ్ళు నిలవలేదు.”

“ఈరన్న నీ మాట వినలేదు అత్తా...” లావణ్య నవ్వబోయి ఏడ్చేసింది.

“ఇనకపోవడమే మేలాయ.” హులిగమ్మ లేచి చెయ్యి కడుక్కొచ్చింది. “అందరూ ఇనండి. వచ్చే అమావాస్య పొయ్యి మంజునాథుడు ముట్టిస్తాడు. ఈయమ్మ ఉరుకుతాది. నేను మజ్జిగ చెంబుతో మోరీ కాడ కూసుంటా.”

“నాకు రొట్టె తట్టనీకె రాదుమ్మా!” అన్నాడు మంజునాథ్.

“నేర్సుకో!”

మెడలోని దారం తీసి, ఒకటొకటిగా నాలుగు పిన్నీసులూ విప్పి, కోడలి ఎడమచేతిలో పెట్టి మూసింది.

“ఇప్పుడే తీసుకో. దీపాలు పెట్టినాక అడిగితే ఇయ్యను.”