ఒకే రోజు రెండు కానుపులు

"అవ్వా! నా పెండ్లాముకు నొప్పులు మొదలయినాయి, బిన్నే రా!"

గుమ్మానికి దూరంగా నిలబడి అరుస్తున్నాడు అంజినప్ప, పెద్దింటి ఆదిలక్ష్మమ్మ కొడుకు. లోపల మంత్రసాని గురువమ్మ సొంత కూతురు చిన్నవెంకటమ్మ కూడా నొప్పులతో మెలికలు తిరిగిపోతోంది! సర్కారు గనిలో దినకూలీ అయిన అల్లుడు చౌడప్ప, కోరమండల్ గనుల ఊరి నుంచి ఏడో నెలలో తీసుకొచ్చి దింపి వెళ్ళాడు.

బూదికోట పై వీధి బిడ్డలందరూ గురువమ్మ చేతుల్లోనే పుట్టారు. పెద్దింటి నుంచి కబురొస్తే తింటున్న ముద్ద వదిలి పోవాలి, అదీ పద్ధతి. రెండేళ్ళ కిందట అలాగే కన్నకూతురిని నొప్పుల్లో వదిలి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బిడ్డ దక్కలేదు... సర్కారు నర్సమ్మ ఉందా అంటే, ప్రతి బుధవారం వచ్చి పెద్దింటి వసారాలో కాఫీ తాగి పోయేదే తప్ప ఊరి బయట గురువమ్మ వాళ్ళుండే కాలనీలో ఏనాడూ అడుగు పెట్టలేదు.

"అమ్మా, ఈసారి పోవద్దే..." కూతురు చెయ్యి పట్టుకుంది.

"యాడికీ పోను తల్లీ!"

కాసేపటికి ఆదిలక్ష్మమ్మే పరుగున వచ్చింది. నలభై ఏళ్ళ కాపురంలో కాలనీకి రావడం అదే మొదలు!

"గురువమ్మా, తొలి కానుపు! నీకు దండం పెడతాను..."

"ఈ దినం బుధవారమే కదమ్మా, నర్సమ్మ మీ ఇంట్లోనే ఉండాది. ముందు ఆమెను ఈడికి పిలుచుకొని రండి. తొలి కానుపంటే మీ కోడలికి ఇంకా పొద్దుండాది. ఈ బిడ్డ పడినాంక ఇద్దరమూ వస్తాము."

ఆదిలక్ష్మమ్మకు కోపం తన్నుకొచ్చింది. కానీ అవసరం ఆమెది! తొలి కానుపును నర్సమ్మ ఒక్కదాని చేతిలో పెట్టే ధైర్యం లేదు. నర్సమ్మను చెయ్యి పట్టుకుని మరీ తీసుకొచ్చింది.

మధ్యాహ్నానికి చిన్నవెంకటమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది, బతికింది! తూచిన నర్సమ్మ ముఖం మాత్రం వాడిపోయింది. కిలోముప్పావు.

"రొమ్ముకు అంటిపెట్టుకుని వెచ్చగా ఉంచండి. బరువెక్కేదాకా గండమే" అంది.

అన్నమాట ప్రకారం ఇద్దరూ వెళ్ళారు. సాయంత్రానికి పెద్దింట్లో మగపిల్లవాడు. మూడు కిలోలు!

ఆదిలక్ష్మమ్మ మనవడిని ఒళ్ళో వేసుకుని మురిసిపోయింది. "ఒకే దినం, ఒకే చేతులు! మీ పాప ఏమమ్మా అంత సన్నంగా ఉండాది?"

గురువమ్మ చేతులు కడుక్కుంటూ, గొంతు పెంచకుండా చెప్పింది. "మీ కోడలు మూడు నెలలుగా మంచం దిగలేదు కదమ్మా. నా కూతురు నిన్న పొద్దు గూకేదాకా మీ రాగి చేనులోనే కలుపు తీసింది."

కలుపుకు రమ్మని కబురు పంపింది ఆదిలక్ష్మమ్మే! ఆమె తల దించుకుని, "రేపటి నుంచి పాలు పంపిస్తాను..." అంది.

"పంపండమ్మా, వద్దనను. కడుపులో ఉన్నప్పుడే పంపి ఉంటే..."

ఇంటి దగ్గర పసిగుడ్డుకు వెచ్చదనం కావాలి. గురువమ్మ తడి చేతులు పైటకు తుడుచుకుని గబగబా కాలనీ దారి పట్టింది.